గేర్‌బాక్స్ దించే ముందు: లోపం క్లచ్‌దా, గేర్లదా తేల్చుకోవడం

మాన్యువల్ కారులో గేర్ పడడం కష్టమైతే గేర్‌బాక్స్ పోయిందని చాలామంది అనుకుంటారు. చాలా సందర్భాలలో అసలు కారణం క్లచ్ పూర్తిగా విడిపోకపోవడమే. రెండింటిలో దేన్ని బాగు చేయాలన్నా సాధారణంగా గేర్‌బాక్స్ దించవలసి వస్తుంది, దించి ఎక్కించే కూలి తక్కువేమీ కాదు. అందుచేత డ్రైవరు సీటులో కూర్చుని చేయగల పరీక్షలను ముందుగా ముగించుకోవడం మేలు.

మొదట ఇంజిన్ ఆపి, క్లచ్ తొక్కి, అన్ని గేర్లూ వేసి చూడాలి. ఆపినప్పుడు సులువుగా పడిన గేర్లు ఇంజిన్ నడుస్తుండగా మొండికేస్తే, పెడల్ తొక్కినా క్లచ్ ప్లేట్ ఇంకా ఫ్లైవీల్‌తోపాటు (ఇంజిన్‌తో తిరిగే బరువైన చక్రం) తిరుగుతోందని అర్థం. ఇంజిన్ ఆపినప్పుడూ బిగుతుగానే ఉంటే గేర్ లివర్ కేబుళ్లను, లింకేజీని, ఆ తరువాతే గేర్‌బాక్స్ లోపలి భాగాలను అనుమానించాలి.

దీన్ని రివర్స్ గేర్‌తో ధ్రువీకరించుకోవచ్చు. ఇంజిన్‌ను న్యూట్రల్‌లో నిదానంగా నడవనిచ్చి, పెడల్‌ను అడుగంటా తొక్కి, కొన్ని సెకన్లు ఆగి రివర్స్ వేయాలి. చాలా కార్లలో రివర్స్‌కు సింక్రోనైజర్ (గేర్ల వేగాలను సమం చేసి మెత్తగా పడనిచ్చే భాగం) ఉండదు కనుక, లోపలి షాఫ్ట్ ఆగకపోతే పళ్లు ఒరుసుకుని కరకరమంటాయి. పెడల్‌ను రెండు మూడుసార్లు వరుసగా తొక్కాక గేర్ శుభ్రంగా పడితే, హైడ్రాలిక్ లైనులో గాలి చేరి ఉంటుంది లేదా ద్రవం తగ్గి ఉంటుంది. క్లచ్‌కూ బ్రేకుకూ ఒకే ద్రవపు డబ్బా ఉండే కార్లు చాలా ఉన్నాయి కాబట్టి, అందులో మట్టం పడిపోతే దాన్ని తేలికగా తీసుకోకూడదు. ద్రవపు ఒత్తిడితో క్లచ్‌ను విడదీసే స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగు కింద తడి ఉందేమో చూడాలి. కొన్ని కార్లలో ఆ సిలిండర్ గేర్‌బాక్స్ గూటి లోపలే ఉంటుంది, అప్పుడు ఇంజినూ గేర్‌బాక్సూ కలిసే చోట కారే చుక్కలే ఆధారం. కేబుల్‌తో పనిచేసే క్లచ్ అయితే కేబుల్ సాగిందేమో, పోగులు తెగాయేమో చూడాలి. ఇంతకీ పెడల్ కింద మ్యాట్ మడతపడి అడ్డుపడుతోందేమో అన్నిటికన్నా ముందు చూడడం మంచిది. నవ్వులాటగా అనిపించినా అదీ కారణం కావచ్చు.

క్లచ్ విడిపోకపోవడానికి వ్యతిరేకమైనది క్లచ్ జారడం, అంటే పట్టు సరిగా దొరకకపోవడం. ఖాళీగా ఉన్న చదునైన రోడ్డు మీద, పై గేర్లలో గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతూ యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కితే, క్లచ్ జారుతున్నట్లయితే వేగం పెరగకుండా ఇంజిన్ ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా పైకి లేస్తుంది. పై గేర్‌లో క్లచ్ మీద భారం ఎక్కువ పడుతుంది కాబట్టి లోపం అక్కడే ముందుగా బయటపడుతుంది. హ్యాండ్‌బ్రేక్ వేసి, పై గేర్‌లో పెడల్ వదిలి ఇంజిన్ ఆగుతుందేమో చూడమని కొందరు చెబుతారు గాని, జారుతున్న క్లచ్‌ను అది మరింత కాల్చుతుంది. ప్లేట్ అరిగిందని నిర్ణయించే ముందు కేబుల్ మరీ బిగుతుగా ఉందేమో చూడాలి. పెడల్‌కు కొద్దిపాటి ఆట (మొదట ఖాళీగా కదిలే దూరం) లేకపోతే కొత్త ప్లేట్ కూడా జారుతుంది. ఇంజిన్ వెనుక సీలు కారి ప్లేటుకు నూనె తగిలినా జారుతుంది, బయలుదేరేటప్పుడు బండి వణుకుతుంది. వణుకు ఒక్కటే ఉంటే ఇంజిన్ మౌంట్లను కూడా పరీక్షించాలి.

శబ్దం విషయంలో పెడలే ఆనవాలు ఇస్తుంది. న్యూట్రల్‌లో పెడల్ తొక్కగానే మోత మొదలైతే రిలీజ్ బేరింగ్‌నూ (పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను నొక్కి విడదీసే బేరింగ్), పెడల్ వదిలినప్పుడు మోగి తొక్కగానే ఆగితే క్లచ్ నుంచి తిప్పుడు అందుకునే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌నూ అనుమానించాలి. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (మధ్యలో స్ప్రింగులున్న రెండు భాగాల ఫ్లైవీల్) ఉన్న కార్లలో అది అరిగినా నిదానపు వేగంలో గలగలమంటుంది కనుక తొందరపడకూడదు.

అన్ని గేర్లూ కరకరమంటే క్లచ్‌నూ, ఒకే ఒక్క గేర్ కరకరమంటే దాని సింక్రోనైజర్‌నూ చూడాలి. యాక్సిలరేటర్ వదలగానే గేర్ దానంతటదే ఊడిపోతే లోపలి పళ్లో, గేర్‌ను జరిపే ఫోర్కో అరిగి ఉండవచ్చు. అయినా మౌంట్లు, లింకేజీ ముందు చూడాలి. గేర్‌బాక్స్ ఆయిల్ తీయదలిస్తే ముందుగా పోసే బిరడా విప్పాలి, ఎందుకంటే అది బిగుసుకుపోయి ఉంటే పాత ఆయిల్ పోయాక కొత్తది పోసే దారి ఉండదు. ఆయిల్ తీసే బిరడాకు అయస్కాంతం ఉంటే దానికి అంటుకున్న మెత్తటి బూడిదరంగు ముద్ద మామూలే, లోహపు తునకలు మాత్రం కావు. కారు పుస్తకం జీఎల్-4 (గేర్ ఆయిల్ రకాన్ని తెలిపే గుర్తు) అడిగిన చోట జీఎల్-5 పోస్తే కొన్ని గేర్‌బాక్సులలో ఇత్తడి సింక్రో రింగులు దెబ్బతింటాయి.

చివరికి గేర్‌బాక్స్ దించవలసే వస్తే, ప్లేటుతోపాటు దాన్ని ఫ్లైవీల్‌కు అదిమిపట్టే ప్రెషర్ ప్లేట్‌నూ రిలీజ్ బేరింగ్‌నూ మార్పించి, ఇంజిన్ వెనుక సీలును పరీక్షింపజేయాలి.