దేవదూతకీ యజమానికీ ముడి వేయడం ఎలా?

బల్ల చుట్టూ కూర్చుని పాత్రలుగా మారి కథ నడిపే ఆటల్లో (రోల్‌ప్లేయింగ్ గేమ్స్) దేవదూత పాత్రో రాక్షస పాత్రో తీసుకున్న ఆటగాడు ముందు శక్తుల జాబితా చూస్తాడు. నెల్లూరు మూలాపేటలో మా మేడ మీద ఆట నడిపేటప్పుడు ఆ కాగితం పక్కన పెట్టించి, "నీ యజమాని ఎవరబ్బయ్యా? నీకేం ఇచ్చాడు, బదులుగా ఏం అడిగాడు?" అంటాను. అది తేలేదాకా పాచిక వేయనివ్వను.

దీనికి నాకు నచ్చిన నమూనా 1997లో స్టీవ్ జాక్సన్ గేమ్స్ అనే సంస్థ తెచ్చిన 'ఇన్ నోమినె' అనే ఆట. అందులో దేవదూతలు ప్రధాన దేవదూతల కొలువులో, రాక్షసులు రాక్షస రాజుల కొలువులో ఉంటారు. దేవదూతకి సూర్యోదయాన, రాక్షసుడికి సూర్యాస్తమయాన ఒక పాయింటు శక్తి తిరిగొస్తుంది. యజమాని విధించిన ఆచారం పాటిస్తే ఇంకొంత వస్తుంది. దేవదూత తన స్వభావానికి ఎదురు నడిస్తే 'అపశ్రుతి' అనే దోషం లెక్కలో పోగవుతుంది. మూడు పాచికలూ ఒకట్లు పడితే స్వర్గం, ఆర్లు పడితే నరకం కలగజేసుకుంటుంది. విధేయతని ఇలా లెక్కలోకి తేవడం నాకెంతో ఇష్టం.

యజమాని ఇచ్చే ఆజ్ఞలో ఊరూ గడువూ ఉండాలి. 'చెడుని అణచు' అంటే ఆటగాడికి చేయడానికేమీ దొరకదు. 'ఉదయగిరి కోటలో దాక్కున్న మనిషిని తెల్లారేలోగా అప్పగించు' అనండి. ఆ మనిషి పాత్రకి ప్రాణస్నేహితుడైతే మరీ మంచిది, బంధం బరువు అక్కడే తెలుస్తుంది. ధిక్కరిస్తే వెంటనే చంపేయకండి. ముందు ఒక శక్తి లాగేసుకోండి, తర్వాత కబురు పంపండి. భక్తి విషయాల్లో ఎవరికైనా ఇబ్బందేమో ముందే విడిగా కనుక్కోండి.

ఇలాంటిదే మరో ఆట 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 2024 నిబంధనల్లో వార్లాక్ (పోషకుడితో ఒప్పందం చేసుకుని మంత్రశక్తి పొందే పాత్ర) పోషకుడెవరో మూడో లెవెల్లోనే తేలుతుంది. అందాకా యజమానిని కలలో గొంతుగానే ఉంచండి, పేరు చెప్పొద్దు.