మైటోకాండ్రియా, హరితరేణువు: పోల్చి రాయడం ఎలా?

ఆహారం నుంచి శక్తిని తీసే మైటోకాండ్రియా, కాంతితో ఆహారం తయారుచేసే హరితరేణువు అనే ఈ రెండు కణాంగాలను (కణంలోని చిన్న భాగాలను) పోల్చమంటే చాలామంది విద్యార్థులు మైటోకాండ్రియా గురించి ఒక పేరా, హరితరేణువు గురించి ఇంకో పేరా రాసి ముగిస్తారు. అది రెండు వర్ణనలను పక్కపక్కన పెట్టడమే కాని పోలిక కాదు. ఒకే ప్రశ్నను రెండింటికీ వేసి, రెండు జవాబులనూ ఒకే వాక్యంలో చెప్పగలిగినప్పుడే అది పోలిక అవుతుంది.

మొదటి ప్రశ్న పొరల గురించి వేయండి. రెండింటినీ రెండేసి పొరలు చుట్టి ఉంటాయి. అయితే మైటోకాండ్రియాలో లోపలి పొరే ముడతలు పడి, క్రిస్టే అనే మడతలుగా ఏర్పడగా, పక్వమైన హరితరేణువులో లోపలి పొర ముడతలు లేకుండా ఉండి, దానికి విడిగా థైలకాయిడ్లు అనే మూడో పొర వ్యవస్థ గ్రానా అనే దొంతరలుగా అమరుతుంది. థైలకాయిడ్లను లోపలి పొరకు అతికించి బొమ్మ గీయకండి.

ఆ ముడతలూ దొంతరలూ "ఉపరితల వైశాల్యాన్ని పెంచుతాయి" అని రాసి వదిలేస్తే సగమే చెప్పినట్టు. ఆ వైశాల్యం ఎందుకో చెప్పాలంటే ప్రోటాన్లు ఎక్కడ పోగవుతాయని అడగాలి. నా దృష్టిలో ఈ పోలిక మొత్తానికీ కీలకమైన ప్రశ్న ఇదే. మైటోకాండ్రియాలో ఆహారం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్ల శక్తితో ప్రోటాన్లు మాత్రిక (లోపలి పొర లోపలున్న భాగం) నుంచి రెండు పొరల మధ్య ఖాళీలోకి చేరుతాయి. హరితరేణువులో కాంతి వల్ల శక్తి పొందిన ఎలక్ట్రాన్ల మూలంగా అవి థైలకాయిడ్ లోపల పోగవుతాయి. రెండుచోట్లా అవి ఏటీపీ సింథేజ్ అనే ఎంజైము గుండా తిరిగి వచ్చేటప్పుడు కణం పనులకు శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు తయారవుతుంది, మైటోకాండ్రియాలో మాత్రికలో, హరితరేణువులో థైలకాయిడ్ల చుట్టూ ఉండే స్ట్రోమా అనే ద్రవంలో. ఈ విధానాన్ని 1961లో ప్రతిపాదించిన పీటర్ మిచెల్‌కు 1978లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

తర్వాత ఎలక్ట్రాన్లు ఎక్కడ మొదలై ఎక్కడికి చేరుతాయో చూడండి. హరితరేణువులో నీటి అణువు విడిపోయి ఎలక్ట్రాన్లను ఇస్తుంది, ఆక్సిజన్ వెలువడుతుంది. మైటోకాండ్రియాలో చివరకు ఆక్సిజనే ఎలక్ట్రాన్లను అందుకుని నీరుగా మారుతుంది.

సొంత వలయాకార డీఎన్ఏ, రైబోజోములు రెండింటికీ ఉన్నాయన్నది ఒక్క వాక్యంలో చెబితే చాలు.

"మొక్కలకు హరితరేణువు, జంతువులకు మైటోకాండ్రియా" అని మాత్రం రాయకండి. ఆకు కణంలో రెండూ ఉంటాయి. మట్టిలోని వేరు కణంలో హరితరేణువులు లేకపోయినా మైటోకాండ్రియా తప్పక ఉంటుంది.