వాయుగుండాల కాలం రాకముందే చేతి రేడియో సిద్ధం చేసుకోండి: చిన్న విమానాల పైలట్లకు జాగ్రత్తలు

అక్టోబరు దగ్గరపడేకొద్దీ మన తిరుపతి, చిత్తూరు వైపు ఆకాశాన్ని నమ్మడానికి లేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త వచ్చిందంటే ఒకటి రెండు రోజుల్లో శేషాచలం కొండలు మబ్బులో మునిగిపోతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో వరద ఎలా పారిందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. అలాంటి రోజున చిన్న విమానాన్ని ఎవరూ బయటికి తీయరు. భయపడాల్సింది తెరిపిచ్చిన రోజులకే. పొద్దున ఎండ కాసిందని బయల్దేరతాం. మధ్యాహ్నానికి మబ్బు కొండల నడుముదాకా దిగుతుంది. దారి మార్చుకుందామని టవర్‌ను పిలిస్తే రేడియోలో ఉలుకూ పలుకూ ఉండదు. ఫ్లయింగ్ నేర్చుకుంటున్న పిల్లలూ, సొంతంగా ఎగిరే పైలట్లూ సెప్టెంబరులోనే బ్యాకప్ రేడియో, అంటే విమానం రేడియో ఆగితే వాడుకునే చేతి రేడియో సంగతి చూసుకోవాలని అడిగేది ఇందుకే.

రేడియో పెట్టె బాగానే ఉన్నా మాట ఆగిపోవచ్చు. కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ పనిచేయడం మానేస్తే విమానంలోని కరెంటంతా బ్యాటరీ మీద పడుతుంది. అనవసరమైనవి వెంటనే ఆపకపోతే అది ఎంతోసేపు నిలవదు. సెస్నా 172 లాంటి విమానంలో ఇంజన్ బ్యాటరీతో పనిలేకుండా నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోల మీద నడుస్తుంది కాబట్టి ఆగదు. కానీ రేడియోతో పాటు విమానం కోడ్‌ను రాడార్‌కు పంపే ట్రాన్స్‌పాండర్ కూడా పోతుంది. రేడియో పోయిందని తెలిపే 7600 కోడ్ పెట్టుకోవాలని అందరం చదువుకున్నాం. కరెంటే లేనప్పుడు ఆ కోడ్ రాడార్ తెరమీదికి చేరదు. నెమ్మదిగా దిగడానికి రెక్కల వెనక కిందికి దించే ఫ్లాప్స్ కూడా కరెంటు మీదే పనిచేస్తాయి, కాబట్టి ఫ్లాప్స్ లేకుండా దిగడం కూడా సాధన చేసి ఉండాలి. ఆ స్థితిలో మీ చేతిలో మిగిలే గొంతు ఆ చిన్న రేడియో ఒక్కటే.

మన ప్రాంతంలో ఈ గొంతు అవసరం ఇంకాస్త ఎక్కువ. రేణిగుంట విమానాశ్రయానికి పెద్ద విమానాలు వస్తూ పోతూ ఉంటాయి. పక్కనే కొండలు. ఆగ్నేయంగా సుమారు 50 నాటికల్ మైళ్ల దూరంలో చెన్నై, రద్దీగా ఉండే ఆకాశం. తూర్పున సుమారు 40 నాటికల్ మైళ్లలో శ్రీహరికోట. ప్రయోగం ఉన్న రోజుల్లో అటు గగనతలం మూసేస్తూ నోటమ్ (పైలట్లకు అధికారిక సమాచారం) ఇస్తారు. మబ్బును తప్పించుకుంటూ తూర్పుకు జరిగిన పైలట్ మాట్లాడలేకపోతే ఎంత గందరగోళమో ఊహించుకోండి.

ఇక కొనేటప్పుడు. దుకాణంవాళ్లు ముందు తెర సైజు, బ్లూటూత్, మెమరీ ఛానళ్ల సంఖ్య చెబుతారు. మీరు ముందు అడగాల్సింది హెడ్‌సెట్ గురించి. ఇంజన్ మోతలో చేతి రేడియో స్పీకర్ వినబడదు, దాని మైకులో మీ మాటకంటే మోతే ఎక్కువ వెళుతుంది. మీ హెడ్‌సెట్ రెండు పిన్నులనూ ఆ రేడియోకు కలిపే అడాప్టర్ ఉండాలి. కొన్ని మోడళ్లలో పిన్నులు నేరుగా రేడియోలోకే దిగుతాయి, అది ఇంకా మంచిది. అడాప్టర్‌కు విడిగా పీటీటీ బటన్ (మాట్లాడటానికి నొక్కేది) పెట్టుకునే వీలుంటే దాన్ని యోక్‌కు, అంటే విమానాన్ని నడిపే చక్రానికి, పట్టీతో కట్టుకోండి. ఒక చేత్తో విమానం, ఒక చేత్తో మ్యాపు, మరి రేడియో ఎవరు పట్టుకుంటారు? అడాప్టర్ లేని రేడియో ఎంత ఖరీదైనదైనా నా లెక్కలో బ్యాకప్ కిందికి రాదు.

తర్వాత బ్యాటరీ. చార్జింగ్ లిథియం బ్యాటరీ రోజువారీ వాడకానికి బాగుంటుంది కానీ నెలల తరబడి సంచిలో పడుంటే దానంతటదే తగ్గిపోతుంది. పైగా మన ఎండల్లో ఆరుబయట నిలిపిన విమానం లోపలి వేడికి అది పాడవుతుంది, ఉబ్బుతుంది. రేడియోను విమానంలో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి. మామూలు ఏఏ సెల్స్ వేసుకునే కేస్ దొరికే మోడల్‌నే నేను ఎంచుకోమంటాను. కొత్త సెల్స్ ప్యాకెట్ ఒకటి విప్పకుండా సంచిలో ఉంచుకుంటే అవసరానికి చార్జర్ కోసం వెతుక్కునే పని ఉండదు. సెల్స్‌ను కేస్‌లోనే వదిలేస్తే కారి లోపలి రేకులు తుప్పు పడతాయి, కాబట్టి విడిగా పెట్టండి. రెండు గంటలు వరసగా ఆన్‌లో ఉంచి, మధ్యమధ్య మాట్లాడి చూస్తే బ్యాటరీ నిజంగా ఎంత నిలుస్తుందో తెలుస్తుంది.

మూడోది యాంటెనా, చాలామంది దీన్ని పట్టించుకోరు. విమానాల రేడియోలు వాడే వీహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు తిన్నగా సాగుతాయి. 3,000 అడుగుల ఎత్తులో విమానం రేడియోకు లెక్క ప్రకారం 67 నాటికల్ మైళ్ల వరకు చూపు ఉంటుంది. చేతి రేడియో పవర్ కొద్ది వాట్లే, దాని రబ్బరు యాంటెనా రేకు కేబిన్ లోపల ఉంటుంది. రేకుల షెడ్డులోంచి సెల్‌ఫోన్ మాట్లాడినట్టే ఉంటుంది వ్యవహారం. మధ్యలో కొండ అడ్డొస్తే ఇంకా కష్టం. అందుకని విమానం బయటి యాంటెనాకు చేతి రేడియోను కలిపే బీఎన్‌సీ కనెక్షన్ (యాంటెనా కేబుల్ బిగించే జాయింటు) పెట్టించడానికి వీలుందేమో మీ మెయింటెనెన్స్ ఇంజనీర్‌ను అడగండి. సొంతంగా వైర్లు కోయవద్దు. అది కుదరకపోతే రేడియోను కిటికీ అద్దం దగ్గర నిలువుగా పట్టుకోవడం అలవాటు చేసుకోండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. తక్కువ ధరకు దొరికే సాధారణ వాకీటాకీని కొనకండి. విమానాల రేడియోలు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య ఏఎం పద్ధతిలో మాట్లాడతాయి, వాకీటాకీలు ఎఫ్‌ఎం. ఈ రెండూ గొంతును తరంగం మీదికి ఎక్కించే వేర్వేరు పద్ధతులు. కొన్నిట్లో విమానాల మాటలు వినబడతాయి గానీ తిరిగి మాట్లాడలేం. ఏఎం పాతదైనా దాన్ని వదలకపోవడానికి కారణముంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎఫ్‌ఎంలో బలమైన గొంతు రెండోదాన్ని పూర్తిగా మింగేస్తుంది. ఏఎంలో కీచుమని చప్పుడు వస్తుంది, ఇంకెవరో పిలుస్తున్నారని కంట్రోలర్‌కు తెలుస్తుంది. ఆ ఇంకెవరో ఆపదలో ఉన్న మీరే కావచ్చు.

వానకాలానికి ఐపీఎక్స్7 రకం మేలు, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకోవాలన్నది ఆ ప్రమాణం. వీఓఆర్ (దిక్కు తెలిపే నేలమీది రేడియో కేంద్రం) చూపించే సౌకర్యం ఉంటే మంచిదే, కానీ దానికోసం అదనంగా డబ్బు పెట్టమని చెప్పను. రబ్బరు యాంటెనాతో ఆ సూచిక నిలకడగా ఉండదు. జీపీఎస్ ఉన్న మోడల్ అంతకంటే ఉపయోగం. ఒకదానికొకటి దగ్గరగా ఉండే 8.33 కిలోహెర్ట్జ్ ఛానళ్లు ఐరోపాలో ఎగరాలనుకునేవారికి కావాలి.

కాగితాల పని మరిచిపోవద్దు. ప్రసారం చేసే ఏ రేడియోకైనా టెలికాం శాఖలో రేడియో అనుమతులు చూసే డబ్ల్యూపీసీ విభాగం నిబంధనలు వర్తిస్తాయి. విదేశం నుంచి బంధువు సూట్‌కేసులో తెప్పించుకునే ముందు వాటిని చూసుకోండి. 2025లో ఆన్‌లైన్ దుకాణాల్లో అనుమతుల్లేని వాకీటాకీల అమ్మకంపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటీసులిచ్చింది. మాట్లాడే పైలట్‌కు రేడియో టెలిఫోన్ లైసెన్సు ఉండాలన్నది మీకు తెలిసిందే.

సీజన్ మొదలయ్యే ముందు నేల మీద ఒకసారి, గాలిలో బోధకుడితో ఒకసారి పరీక్షించండి. టవర్ అనుమతితో రేడియో చెక్ అడగండి. 121.5 అత్యవసర ఫ్రీక్వెన్సీ మీద మాత్రం పరీక్షలు చేయకూడదు. మీరు వాడే టవర్, అప్రోచ్ (విమానాశ్రయానికి చేరువయ్యే విమానాలను నడిపించే విభాగం) ఫ్రీక్వెన్సీలతో పాటు 121.5ను మెమరీలో పెట్టుకోండి. రేడియో, అడాప్టర్, సెల్స్ అన్నీ ఒకే చిన్న సంచిలో, బెల్టు విప్పకుండా చెయ్యి అందే చోట ఉండాలి. వెనక సీటు మీద ఉంటే లేనట్టే. కళ్లు మూసుకుని ఆన్ చేసి, ఫ్రీక్వెన్సీ మార్చగలిగేదాకా ఇంట్లో సాధన చేయండి.

గాలిలో రేడియో ఆగితే ముందు విమానాన్ని తిన్నగా నడపండి. వాల్యూమ్, ఫ్రీక్వెన్సీ, హెడ్‌సెట్ పిన్నులు, సర్క్యూట్ బ్రేకర్, కరెంటు ఎంతుందో చూపే ఆమీటర్ వరసగా చూడండి. కరెంటు ఉంటే 7600 పెట్టండి. చేతి రేడియోలో జవాబు రాకపోయినా మీరెక్కడున్నారో, ఏం చేయబోతున్నారో చెబుతూనే ఉండండి, అవతలివాళ్లకు వినబడుతూ ఉండవచ్చు. చూపు బాగున్నంతవరకు మబ్బులోకి వెళ్లకుండా దగ్గరలోని అనువైన రన్‌వే మీద దిగి, దిగిన సంగతి ఏటీసీకి (విమానాల రాకపోకలు చూసే కంట్రోలర్లకు) వెంటనే తెలియజేయాలి. టవర్ నుంచి వచ్చే దీపాలు గుర్తుంచుకోండి: నిలకడగా పచ్చ వెలిగితే దిగవచ్చు, నిలకడగా ఎరుపైతే మరొకరికి దారిచ్చి తిరుగుతూ ఉండాలి, పచ్చ మిణుకుమంటే దిగడానికి వెనక్కి రావాలి, ఎరుపు మిణుకుమంటే అక్కడ దిగడం క్షేమం కాదు. పగలైతే రెక్కలు ఊపి అర్థమైందని చెప్పండి, రాత్రయితే ల్యాండింగ్ లైట్లు రెండుసార్లు వెలిగించి ఆర్పండి. కరెంటు పోయినప్పుడు ఆ లైట్లూ ఉండవు, అందుకే మబ్బు పట్టిన రోజుల్లో చీకటి పడేలోపు దిగేలా ప్రయాణం వేసుకోండి.