కొత్త లాప్‌టాప్ స్లోగా ఉందా? ఫార్మాట్ కొట్టించే ముందు ర్యామ్ ఎన్ని స్టిక్కులో చూడండి

50, 60 వేలు పెట్టి కొన్న లాప్‌టాప్ నెల తిరక్కముందే "స్లో అయిపోయింది అన్నా" అని తెస్తారు. నా దగ్గరికి వచ్చేసరికే ఎవరో ఒకరు ఫార్మాట్ కొట్టేసి ఉంటారు. తిరుపతిలో ఎవరిని అడిగినా లాప్‌టాప్‌కు మొదటి మందు అదే మరి. ఫార్మాట్‌తో ఫోటోలు పోతాయి, సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు పోతాయి, స్లో మాత్రం పోదు.

సామీ, ముందు టాస్క్ మేనేజర్ తెరవండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే వస్తుంది. పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో ప్రాసెసర్, మెమరీ (అంటే ర్యామ్), డిస్క్ ఈ మూడింటిలో ఏది నిండిపోయి ఉందో చూడడానికి అర నిమిషం పట్టదు. ఇది చూడకుండానే "ప్రాసెసర్ వీక్ అంట కదా, ఐ7 తీసుకోవాల్సింది" అని బాధపడేవాళ్లే జాస్తి.

కొన్న వారంలోపే స్లోగా ఉందంటే అది జబ్బు కాదు. వెనకాల విండోస్ అప్‌డేట్లు దిగుతుంటాయి, వన్‌డ్రైవ్ ఫైళ్లన్నీ పైకెక్కిస్తూ ఉంటుంది, వాటికి తోడు కంపెనీవాళ్లు ఫ్రీగా వేసిచ్చిన ట్రయల్ యాంటీవైరస్ ఒకటి. చార్జర్ పెట్టి, వైఫై ఆన్ చేసి ఒక రాత్రి వదిలేయండి. ట్రయల్ యాంటీవైరస్ పీకేయండి, విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలు. దర్శనం టికెట్లు వదిలిన పూట పేజీ తిరుగుతూనే ఉందని తెచ్చినవాళ్లూ ఉన్నారు. అది క్యూ, లాప్‌టాప్ ఏం చేస్తుంది?

చార్జర్ తీస్తే స్లో, పెడితే బాగుంది అంటే సెట్టింగ్స్‌లో పవర్ మోడ్ చూడండి. చార్జర్ పెట్టినా స్లోగానే ఉంటే ఆ చార్జర్ ఎవరిదో చూడండి. 65 వాట్ల లాప్‌టాప్‌కు ఫోన్ టైప్-సి చార్జర్ తగిలించి, చార్జింగ్ ఎక్కుతోంది కదా అని గేమ్ ఆడితే స్పీడు పడిపోక ఏమవుతుంది. ఇక మే నెలలో మన ఎండకి, పైగా పరుపు మీద పెట్టుకుని ఆడితే, కింద గాలి పోయే కంతలన్నీ మూసుకుపోయి ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గరికి పోతుంది, తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది. బల్ల మీద పెట్టండి. ఇవన్నీ మీకు తెలిసినవే.

అసలు సతాయించేది ఇంకొకటి ఉంది. టాస్క్ మేనేజర్లో ప్రాసెసర్ సగం కూడా వాడుకోవడం లేదు, వేడి లేదు, ఒరిజినల్ చార్జరే పెట్టారు, అయినా వాలరెంట్ గేమ్ ఆగి ఆగి ఆడుతుంది, జీటీఏ అయితే ఇక చెప్పనక్కర్లేదు. స్నేహితుడి లాప్‌టాప్‌లో, అదే ప్రాసెసర్‌తో, అదే గేమ్ నున్నగా ఆడుతుంది. ఇలాంటి కేసుల్లో డ్రైవర్లు తీసి వేసి, బయోస్ అప్‌డేట్ చేసి, విండోస్ మళ్లీ ఎక్కించి ఎన్ని సాయంత్రాలు పోయాయో నాకే తెలుసు. కారణం చూస్తే లోపల ర్యామ్ ఒకే స్టిక్, అంటే ర్యామ్ చిప్పులున్న పట్టీ ఒక్కటే.

ఈ ధరలో వచ్చే చాలా లాప్‌టాప్‌లలో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండదు, ప్రాసెసర్లోనే ఉంటుంది. దానికి సొంత మెమరీ లేదు, మీ ర్యామ్‌నే వాడుకుంటుంది. స్టిక్ ఒక్కటే ఉంటే మెమరీకి, ప్రాసెసర్‌కి మధ్య ఒకే ఛానల్, అంటే డేటా పోయే దారి ఒక్కటే, పనిచేస్తుంది. డీడీఆర్4 అనే తరం, 3200 స్పీడు ర్యామ్‌కు ఒక ఛానల్ మీద సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ పోతుంది, రెండు ఛానళ్లయితే 51.2 జీబీ. ఎక్సెల్‌కు, ట్యాలీకి ఈ తేడా పెద్దగా తెలియదు. గేమ్‌కు మాత్రం ప్రాణం పోతుంది.

చంద్రగిరి నుంచి ఒక డిగ్రీ పిల్లోడు తెచ్చిన లాప్‌టాప్ మీద ఇంటెల్ ఐరిస్ ఎక్స్ఈ అని, అంటే ప్రాసెసర్లోని మెరుగైన గ్రాఫిక్స్ పేరుతో, స్టిక్కర్ మెరుస్తా ఉంది. డివైస్ మేనేజర్లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరిస్తే ఉన్నది ఉత్త యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని. మోసం చేశారని వాడికి ఒకటే టెన్షన్. మోసం కాదు. రెండు ఛానళ్లలో మెమరీ ఉంటేనే ఐరిస్ ఎక్స్ఈ అన్న పేరు వస్తుంది, ఇంటెల్ పెట్టిన షరతే అది. ఇంకో 8 జీబీ స్టిక్ వేసి ఆన్ చేస్తే అదే చోట పేరు మారిపోయింది. డ్రైవర్ కూడా మార్చలేదు.

కాబట్టి టాస్క్ మేనేజర్లో మెమరీ మీద నొక్కి, కింద "స్లాట్స్ యూజ్డ్" అన్న లైను చదవండి. "1 ఆఫ్ 2" అని ఉంటే దాదాపు దొరికినట్టే. దాని కిందనే "ఫామ్ ఫ్యాక్టర్" ఉంటుంది. సోడిమ్ అని ఉంటే ఊడదీసే స్టిక్కు, రో ఆఫ్ చిప్స్ అని ఉంటే బోర్డుకే అతికించేసిన ర్యామ్. ఎల్‌పీడీడీఆర్ అనే, కరెంటు తక్కువ తినే రకం ర్యామ్ అతికించి వస్తే స్లాటే ఉండదు, ఏమీ వేయలేరు, కానీ అందులో ఛానళ్ల కొరత కూడా సాధారణంగా ఉండదు. సగం అతికించి, ఒక స్లాట్ ఖాళీగా ఇచ్చేవీ ఉన్నాయి, వాటికి ఆ స్లాట్ నింపితే చాలు.

డీడీఆర్5 లాప్‌టాప్ అయితే ఇంకో తిరకాసు. ఒక్క స్టిక్కే ఉన్నా, లోపలి పార్టుల వివరాలు చూపే సీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్లో రెండు ఛానళ్లు అన్నట్టు 2 x 32 బిట్ అని చూపిస్తుంది. అది చూసి డ్యూయల్ ఛానలే కదా అని వాదనకు దిగుతారు. ఒక స్టిక్కునే లోపల రెండుగా విడగొట్టారంతే, మొత్తం వెడల్పు 64 బిట్లే. 4 x 32 కనిపిస్తేనే రెండు స్టిక్కులు పనిచేస్తున్నట్టు.

స్టిక్ కొనేటప్పుడు ఉన్నది డీడీఆర్4 నా, 5 నా అన్నది ఫోటో తీసుకుని పోండి. రెండిటికీ గాటు వేరే చోట ఉంటుంది, ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి పట్టదు. స్పీడు వేరైనా పనిచేస్తుంది, రెండూ తక్కువ స్పీడుకే నడుస్తాయి. ర్యామ్ రేట్లు నిలకడగా ఉండవు కాబట్టి రిచీ స్ట్రీట్‌లో చౌక అని చెన్నై బండెక్కే ముందు ఇక్కడ తిలక్ రోడ్డులోనో, చిత్తూరు వాళ్లయితే ఊళ్లోనో ఒకసారి అడగండి, చార్జీలకే సరిపోతుంది తేడా. మూత తీస్తే వారంటీ పోతుందా లేదా అన్నది కంపెనీని బట్టి ఉంటుంది, కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి.

విప్పే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో చూసుకోండి, లోపల మార్పు జరిగితే కొన్ని లాప్‌టాప్‌లు అది అడుగుతాయి. లోపలి బ్యాటరీ వైరు ముందు పీకండి. స్టిక్‌ను ఏటవాలుగా గుచ్చి, కిందికి నొక్కితే రెండు వైపులా క్లిప్పులు టక్కుమంటాయి. డీడీఆర్5 అయితే మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు. మెమరీని అలవాటు చేసుకుంటోంది, పవర్ బటన్ నొక్కకుండా ఆగండి.

గ్రాఫిక్స్ కార్డు ఉన్న లాప్‌టాప్‌లోనూ గేమ్ స్లో అంటే, సెట్టింగ్స్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లో ఆ గేమ్‌కు హై పర్ఫార్మెన్స్ పెట్టండి. కార్డు ఖాళీగా కూర్చుని, లోపలి గ్రాఫిక్స్ కష్టపడుతుంటాయి ఒక్కోసారి.

చార్జింగ్‌లో ఉన్నప్పుడు మాత్రమే టచ్‌ప్యాడ్ పిచ్చిగా ఎగురుతుంటే, అద్దె రూముల్లో ఎర్త్ లేని ప్లగ్గు వల్ల కావచ్చు, వేరే ఇంట్లో పెట్టి చూడండి. మదర్‌బోర్డు పోవడం, ప్రాసెసర్ పోవడం, వైరస్, ఇవి కొత్త లాప్‌టాప్‌లో నేను చూసింది బహు తక్కువ. అలాంటివైతే వారంటీలో సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి, నా దగ్గరికి తేవద్దు.