వీఎంకి ఇచ్చిన కార్డు పనిచేయట్లేదా? పాస్‌త్రూ చిక్కులు విప్పుకోవడం ఎలా?

మా ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఒకటి ప్రాక్స్‌మాక్స్ సర్వర్‌గా పనిచేస్తోంది. ప్రాక్స్‌మాక్స్ అంటే ఒకే మెషీన్ మీద చాలా వీఎంలు (వర్చువల్ మెషీన్లు) నడిపే సాఫ్ట్‌వేర్. అందులో ఎల్‌ఎస్‌ఐ 9211-8ఐ అనే డిస్క్ కంట్రోలర్ కార్డు సెకండ్ హ్యాండ్‌లో కొని పెట్టాను. నాలుగు హార్డ్ డిస్కులు దానికి తగిలించి, కార్డునే ట్రూనాస్ (ఫైళ్లు దాచుకునే స్టోరేజ్ సాఫ్ట్‌వేర్) వీఎంకి అప్పగించాను. పాస్‌త్రూ అంటే ఇంతే. హోస్ట్ (వీఎంలని నడిపే అసలు మెషీన్) ఆ కార్డు జోలికి పోదు, వీఎం దాన్ని సొంత కార్డులా వాడుకుంటుంది. కుదిరితే నెలల తరబడి దాని సంగతే గుర్తుండదు. కుదరకపోతే చాలామంది ముందు వీఎం లోపల డ్రైవర్లు తీసి మళ్లీ వేస్తారు. నేనూ ఒక ఆదివారమంతా అదే చేశాను. తప్పు ఎక్కువసార్లు ఉండేది అక్కడ కాదు, కింద హోస్ట్‌లో. అందుకే కింది నుంచి పైకి చూసుకుంటూ రండి. ఒక్కోసారి ఒక్కటే మార్చండి. కమాండ్ల పేర్లు ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను, టైప్ చేసేది ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే.

1. బయోస్ చూడండి

వీటీ-ఎక్స్ ఆన్‌లో ఉంది కదా అని ముందుకు వెళ్లిపోవద్దు. అది వీఎంలు నడవడానికి. కార్డు అప్పగించాలంటే వీటీ-డి కావాలి. ఏఎండీ బోర్డుల్లో మొదటిదాన్ని ఎస్‌వీఎం అని, రెండోదాన్ని ఐఓఎంఎంయూ (ఏ కార్డు ఏ మెమరీని ముట్టుకోవచ్చో కాపలా కాసే హార్డ్‌వేర్) అని అంటారు. తరచూ ఇవి రెండూ వేర్వేరు మెనూల్లో ఉంటాయి. ఐఓఎంఎంయూ 'ఆటో'లో ఉంటే 'ఎనేబుల్డ్'కి మార్చండి. బయోస్ అప్‌డేట్ చేసినప్పుడు ఈ సెట్టింగులు మళ్లీ మొదటికి వస్తుంటాయి. 'నిన్నటిదాకా బాగానే ఉంది' అనిపించినప్పుడు నేను మొదట చూసేది ఇదే.

2. కెర్నల్‌కి ఆ సంగతి తెలుసా?

కెర్నల్ అంటే హోస్ట్‌లోని లినక్స్‌లో హార్డ్‌వేర్‌ని నడిపే ముఖ్య భాగం. హోస్ట్ షెల్‌లో 'డీమెసేజ్' (స్పెల్లింగ్ డి-ఎం-ఇ-ఎస్-జి) కమాండ్ ఇచ్చి, వచ్చిన దాంట్లో డీమార్, ఐఓఎంఎంయూ అనే మాటల కోసం వెతకండి. ఇంటెల్ మెషీన్‌లో 'ఐఓఎంఎంయూ ఎనేబుల్డ్' అనో, 'డైరెక్టెడ్ ఐ/ఓ' అనో ఒక లైను కనపడాలి. ఏఎండీలో ఏఎండీ-వీఐ పేరుతో లైన్లు వస్తాయి. లేకపోతే, ఇంటెల్‌లో 6.8 కంటే పాత కెర్నల్ అయితే బూట్ లైనుకి 'ఇంటెల్ అండర్‌స్కోర్ ఐఓఎంఎంయూ ఈక్వల్స్ ఆన్' చేర్చాలి. ప్రాక్స్‌మాక్స్‌లో 6.8 నుంచి అది దానంతటదే ఆన్ అవుతుంది.

ఇక్కడ చాలామంది తప్పు ఫైలు మారుస్తారు. గ్రబ్ అనే బూట్‌లోడర్‌తో (కెర్నల్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) బూట్ అయ్యే మెషీన్‌లో గ్రబ్ ఫైలు మార్చి 'అప్‌డేట్-గ్రబ్' కొట్టాలి. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద యూఈఎఫ్‌ఐతో (కొత్త తరహా బయోస్) ఇన్‌స్టాల్ చేసుకుంటే బూట్‌లోడర్ సాధారణంగా సిస్టమ్‌డీ-బూట్. దానికి ఈటీసీ ఫోల్డర్‌లోని కెర్నల్ ఫోల్డర్‌లో 'సీఎండీలైన్' అనే ఫైలు మార్చి, ప్రాక్స్‌మాక్స్ బూట్ టూల్‌తో రిఫ్రెష్ చేయాలి. గ్రబ్ ఫైలు ఎన్నిసార్లు మార్చినా అది పట్టించుకోదు.

3. కార్డు ఏ గ్రూపులో ఉంది?

ఐఓఎంఎంయూ కార్డుల్ని గ్రూపులుగా చూస్తుంది. ఒక గ్రూపులో ఉన్నవాటిని విడదీసి కొన్ని హోస్ట్‌కి, కొన్ని వీఎంకి పంచడం కుదరదు. వీఎంకి డివైజ్ చేర్చే చోట ప్రాక్స్‌మాక్స్ గ్రూపు నంబరు కూడా చూపిస్తుంది. మీ కార్డు నంబరే సాటా కంట్రోలర్‌కో, యూఎస్‌బీకో కూడా ఉంటే అక్కడే చిక్కు.

దీనికి మంచి మందు స్క్రూడ్రైవర్. కింది స్లాట్లు తరచూ చిప్‌సెట్ నుంచి వస్తాయి, అక్కడ గుంపు ఎక్కువ. పై పెద్ద స్లాట్ నేరుగా సీపీయూకి కలుస్తుంది. సర్వర్‌కి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేకపోతే ఆ స్లాట్ ఖాళీయే, కంట్రోలర్‌ని అందులోకి మార్చండి. ఏసీఎస్ ఓవర్‌రైడ్ అనే కెర్నల్ ఆప్షన్ గ్రూపుల్ని విడదీసి చూపిస్తుంది. కానీ అది కాగితం మీద గోడ కట్టినట్టు. కార్డుల మధ్య నిజమైన అడ్డు లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది. బయటివాళ్ల వీఎంలు నడిపే చోట దాన్ని వాడను.

4. కార్డు ఎవరి చేతిలో ఉంది?

'ఎల్‌ఎస్‌పీసీఐ' కమాండ్‌కి 'హైఫన్ ఎన్‌ఎన్‌కే' తగిలించి నడపండి. మీ కార్డు కింద 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్' అన్న చోట 'వీఎఫ్‌ఐఓ-పీసీఐ' (కార్డుని వీఎం కోసం పక్కన పెట్టే డ్రైవర్) అని ఉండాలి. 9211 అయితే తరచూ 'ఎంపీటీ3ఎస్‌ఏఎస్' అని కనపడుతుంది. అంటే హోస్ట్ దాన్ని ముందే తీసేసుకుంది.

వీఎం ఆన్ చేసేటప్పుడు ప్రాక్స్‌మాక్స్ దాన్ని విడిపించి ఇస్తుంది కదా అనొచ్చు. ఇస్తుంది, నిజమే. కానీ ఈలోపు హోస్ట్ ఆ డిస్కుల్ని చూసేసింది. వాటి మీది జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్‌ని (డిస్కులన్నీ కలిపి చేసిన నిల్వ) హోస్ట్ ఒకవైపు, ట్రూనాస్ మరోవైపు తెరిస్తే డేటా పోతుంది. కాబట్టి డిస్క్ కంట్రోలర్‌ని బూట్ మొదట్లోనే పక్కన పెట్టించాలి. మోడ్‌ప్రోబ్ ఫోల్డర్‌లో ఒక ఫైలు పెట్టి, వీఎఫ్‌ఐఓ-పీసీఐకి కార్డు ఐడీ ఇవ్వండి (ఎస్‌ఏఎస్2008 చిప్‌కి 1000:0072). ఎంపీటీ3ఎస్‌ఏఎస్ కంటే వీఎఫ్‌ఐఓ ముందు లోడ్ కావాలని 'సాఫ్ట్‌డెప్' లైను కూడా అందులోనే రాయండి. తర్వాత ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ని (బూట్ మొదట్లో లోడ్ అయ్యే చిన్న ఫైల్ సిస్టమ్) అప్‌డేట్ చేసి రీబూట్ చేయండి. ఒకే ఐడీ ఉన్న కార్డులు రెండుంటే రెండూ వెళ్లిపోతాయి. హోస్ట్ బూట్ డిస్కు ఆ కార్డుకే తగిలించి ఉంటే ఇక చెప్పేదేముంది!

5. కొత్తగా ఏదైనా బిగించారా?

ఇది నాకు బాగా తగిలిన దెబ్బ. బోర్డులో ఒక కొత్త ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ బిగించి ఆన్ చేశాను. సర్వర్ పేజీ తెరుచుకోలేదు, పింగ్ కూడా లేదు. మానిటర్ తెచ్చి పెడితే లాగిన్ స్క్రీన్ చక్కగా ఉంది. 'ఐపీ లింక్' కొడితే నెట్‌వర్క్ కార్డే లేదు! ఇంట్లోవాళ్ల ఫొటోలన్నీ అందులోనే. టెన్షన్‌తో ముందు చేసింది ఆ కొత్త ఎస్‌ఎస్‌డీని తిట్టుకోవడం.

జరిగింది ఇదీ. బోర్డు ప్రతి కార్డుకీ ఒక పీసీఐ అడ్రస్ ఇస్తుంది. అంతకుముందు నెట్‌వర్క్ కార్డు 02:00లో, కంట్రోలర్ 03:00లో ఉండేవి. ఎస్‌ఎస్‌డీ వాటికంటే ముందు దూరేసరికి రెండిటి అడ్రసూ ఒక్కో అంకె పెరిగింది. నెట్‌వర్క్ కార్డు 03:00కి వచ్చింది. వీఎం కాన్ఫిగ్‌లో మాత్రం పాత 03:00 అలాగే ఉంది. బూట్ కాగానే ఆటోస్టార్ట్‌లో ఉన్న ట్రూనాస్ లేచి, కంట్రోలర్ అనుకుని నెట్‌వర్క్ కార్డుని పట్టుకుపోయింది. అది పట్టుకుపోకపోయినా నెట్‌వర్క్ వచ్చేది కాదు. కార్డు పేరు ఈఎన్‌పీ2ఎస్0 నుంచి ఈఎన్‌పీ3ఎస్0కి మారింది, బ్రిడ్జ్ (హోస్ట్‌నీ వీఎంలనీ ఆ కార్డుకి కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్) ఇంకా పాత పేరు కోసమే చూస్తోంది.

బయటపడే దారి ఇది. గ్రబ్ మెనూలో 'ఇ' కీ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైను చివర 'ఇంటెల్ అండర్‌స్కోర్ ఐఓఎంఎంయూ ఈక్వల్స్ ఆఫ్' అని రాసి, కంట్రోల్-ఎక్స్‌తో బూట్ చేయండి. ఐఓఎంఎంయూ లేకపోతే పాస్‌త్రూ ఉన్న వీఎం లేవనే లేవదు, హోస్ట్ కార్డులు హోస్ట్ దగ్గరే ఉంటాయి. అప్పుడు వీఎం ఆటోస్టార్ట్ తీసేయండి, కాన్ఫిగ్‌లో కొత్త అడ్రస్ పెట్టండి, నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసెస్ ఫైలులో పేరు సరిచేయండి. ఈ బూట్ మార్పు ఒక్కసారికే, తర్వాతి రీబూట్‌కి మామూలే. మళ్లీ ఇలా కాకుండా, నెట్‌వర్క్ కార్డుకి దాని మ్యాక్ అడ్రస్‌ని బట్టి స్థిరమైన పేరు వచ్చేట్టు సిస్టమ్‌డీ లింక్ ఫైలు పెట్టుకున్నాను. ఇప్పుడు కేస్‌లో ఏ కార్డు తగిలించినా, తీసినా ముందు వీఎంల ఆటోస్టార్ట్ ఆపుతాను.

6. వీఎం లేస్తోంది కానీ...

నల్ల తెర దగ్గరే ఆగిపోతుంటే డివైజ్ సెట్టింగ్‌లో రోమ్-బార్ టిక్ తీసి చూడండి. కంట్రోలర్ మీదున్న బూట్ రోమ్ (కార్డులోని సొంత బూట్ ప్రోగ్రామ్) వల్ల వీఎం బయోస్ ఇరుక్కుపోతుంటుంది. డిస్కుల నుంచి వీఎం బూట్ కానక్కర్లేదు కాబట్టి నష్టం లేదు. లేవడానికి మరీ ఆలస్యమైతే మెమరీ చూడండి. పాస్‌త్రూ ఉన్న వీఎం తనకిచ్చిన ర్యామ్ మొత్తాన్ని మొదట్లోనే పట్టుకుంటుంది, బెలూనింగ్ (అవసరాన్ని బట్టి వీఎం ర్యామ్ పెంచడం, తగ్గించడం) దానికి పనిచేయదు.

గ్రాఫిక్స్ కార్డుల కథ వేరు. వీఎం సెట్టింగుల్లో మెషీన్ టైప్ క్యూ35, బయోస్ ఓవీఎంఎఫ్ (వీఎంల కోసం చేసిన యూఈఎఫ్‌ఐ) పెట్టండి. హోస్ట్ తెర ఆ కార్డు మీద కాకుండా సీపీయూలోని గ్రాఫిక్స్ మీద వచ్చేట్టు మార్చండి. ఎన్‌విడియాలో పాత ఎర్రర్ 43 (వీఎంలో ఉన్నానని తెలిస్తే డ్రైవర్ మొరాయించడం) కోసం చెప్పే చిట్కాలు 2021లో 465 డ్రైవర్ వచ్చాక చాలావరకు అక్కర్లేదు. కొన్ని ఏఎండీ కార్డులు వీఎం ఒకసారి ఆపితే హోస్ట్ రీబూట్ చేసేదాకా మళ్లీ లేవవు.

7. అన్నీ సరిగ్గా ఉన్నా డిస్కులు మాయమవుతుంటే

రోహిణీ కార్తెలో మా ట్రూనాస్ స్క్రబ్ (డిస్కుల మీది డేటా అంతా చదివి సరిచూసే పని) మధ్యలో డిస్కులు ఒక్కొక్కటే పోగొట్టుకునేది. కేబుళ్లు మార్చాను, అడ్రస్ మళ్లీ చూశాను. చివరికి కేస్ తెరిచి కార్డు హీట్‌సింక్ మీద వేలు పెడితే చురుక్కుమంది. ఈ కార్డులు గట్టిగా గాలి వీచే సర్వర్ పెట్టెల కోసం చేసినవి, డెస్క్‌టాప్ కేస్‌లో ఆ గాలి ఉండదు. 40 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి కొని రెండు జిప్ టైలతో హీట్‌సింక్‌కి కట్టేశాను. ఆ రాత్రి స్క్రబ్ ఆగకుండా పూర్తయింది.