తెలుగులోకి అనువదించేటప్పుడు ‘పడిల్’ (puddle) అన్న ఇంగ్లిషు మాటకు సందర్భాన్ని బట్టి అర్థం తేల్చుకోవడం ఎలా?

ఈ మాట నామవాచకంగా వచ్చి, చుట్టుపక్కల వాన, రోడ్డు, బురద వంటి మాటలు ఉంటే, అది చిన్న గుంటలో నిలిచిన నీరే. దాన్ని ‘మడుగు’ అని రాస్తే పాఠకుడికి లోతు స్ఫురిస్తుంది కనుక ‘గుంటలో నిలిచిన నీళ్లు’ అనడం మేలు; రక్తం విషయంలో మాత్రం ‘రక్తపు మడుగు’ అన్నదే స్థిరపడింది.

క్రియగా వచ్చినప్పుడు దేన్ని కలుపుతున్నారో చూడాలి. వరి మడినైతే అది దమ్ము చేయడమే, వేరే మాట వెతకనక్కరలేదు. బంకమట్టినైతే, నీరు ఇంకిపోకుండా కాలువల అడుగున పరిచేందుకు తడిపి, తొక్కి, మెదపడమని అర్థం. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ తాను తవ్వించిన కాలువలకు వాడిన పద్ధతి ఇదే. సీతాకోకచిలుకల ప్రస్తావనలో అయితే తడి మట్టిపై వాలి లవణాలు పీల్చుకోవడం.

ఎక్కువ జాగ్రత్త అవసరమయ్యేది ఇనుము దగ్గర. 1784లో హెన్రీ కోర్ట్ పేటెంటు పొందిన పడ్లింగ్ పద్ధతిలో బొగ్గు మంట ఒక పక్కన, పోత ఇనుము మరో పక్కన ఉంటాయి. మధ్యనున్న పొట్టి గోడ మీదుగా వచ్చే జ్వాల, కొలిమి కప్పు నుంచి తిరిగి కిందికి ప్రసరించే వేడి కలిసి ఇనుమును కరిగిస్తాయి. బొగ్గు తగలదు కనుక అందులోని గంధకం లోహంలో చేరదు. పనివాడు పొడవాటి కడ్డీని కొలిమి రంధ్రంలోంచి దూర్చి ద్రవాన్ని కలియబెడుతూ ఉంటే కార్బన్ కాలిపోతుంది, పైన నీలి మంటలు లేస్తాయి. సుమారు 4 శాతం కార్బన్ ఉన్న పోత ఇనుము 1,200 డిగ్రీల సెల్సియస్‌లోపే కరుగుతుంది, శుద్ధమైన ఇనుముకు 1,538 డిగ్రీలు కావాలి. కొలిమికి అంత వేడి లేనందున, కార్బన్ తగ్గేకొద్దీ ద్రవం మంటలోనే చిక్కబడి ముద్ద కడుతుంది. ఆ ముద్దలను సమ్మెట కింద పెట్టి లోహమలాన్ని, అంటే కరిగిన మలినాలను, పిండేస్తారు. మిగిలిన కాస్త మలం సన్నని పోగులుగా సాగి ఇనుములోనే ఉండిపోతుంది.

కాబట్టి ఇక్కడ ‘కరిగించడం’ అని రాస్తే సగం అర్థమే అందుతుంది, ‘మడుగు’ అని రాస్తే అర్థమే చెడుతుంది. మొదటిసారి ‘కలియబెట్టి శుద్ధి చేసే పడ్లింగ్ పద్ధతి’ అని వివరించి, ఆ తర్వాత ‘పడ్లింగ్’ అనే వాడటం సరైనది. అలా తయారైనదాన్ని ఉక్కు అనకూడదు, అది చేత ఇనుము (wrought iron); 1889లో పూర్తయిన ఈఫిల్ టవర్‌ను కట్టింది పడ్లింగ్ ఇనుముతోనే కనుక, దాన్ని ఉక్కు కట్టడమని రాయడం కూడా పొరపాటు.