తీగ నిండా పూలే, కాయ లేదు: పాదుల దగ్గర మొదట చూడాల్సింది

శ్రావణం వచ్చి పందిళ్లు కమ్ముకున్నాయంటే నాకు ఫోన్లు మొదలు. ఒడిశా వైపు పర్లాకిమిడి నుంచైనా, కాశీనగర్ నుంచైనా, గుణుపురం అవతలి ఊళ్ల నుంచైనా, ఆనప, బీర, గుమ్మడి, ఆగాకర లాంటి తీగల గురించి అడిగేది ఒకటే. "పూత విరగబూసింది, ఒక్క పిందె నిలవట్లేదు, ఏం మందు కొట్టాలి?" వెంటనే వాట్సాప్‌లో ఒక ఫోటో వస్తుంది. అందులో పువ్వు ముఖం నిండుగా, అందంగా ఉంటుంది. పువ్వు మెడ కనపడేలా పక్కనుంచి తీసి పంపండి అని నేను, మళ్లీ ముఖమే పంపుతూ వాళ్లు. కాడకీ రేకులకీ మధ్య ఏముందో కనపడితే సగం సంగతి అక్కడే తేలిపోతుంది. ఆ ఒక్కటీ చూడకుండా ఎరువుల కొట్టుకి వెళ్లి డబ్బులు పోసేవాళ్లే ఎక్కువ.

పాదు తవ్వడం, గెత్తం (పశువుల ఎరువు) వేయడం, పందిరి కట్టడం మీకు వచ్చనే అనుకుని నేరుగా విషయంలోకి వెళ్తున్నాను.

పూలన్నీ రాలుతున్నాయి, పిందె జాడే లేదు

పువ్వును వేళ్లతో పక్కకి తిప్పి చూడండి. రేకుల వెనక బుల్లి కాయ ఉంటే అది ఆడపువ్వు. ఆనపకి నూగుతో వేలి కణుపంత ఆనపకాయ, కాకరకి బొడిపెలతో గోరంత కాకరకాయ, గుమ్మడికి గోళీకాయంత ఉండ కనిపిస్తాయి. ఏమీ లేకుండా సన్నటి కాడ మీద నేరుగా పువ్వే ఉంటే మగపువ్వు. మగపువ్వు పూసి, పుప్పొడి ఇచ్చి, రాలిపోతుంది. దాని పని అంతే.

ఈ జాతి తీగలు చాలావరకు ముందు మగపూలే పూస్తాయి. ఆడపూలు వారం, రెండు వారాలు వెనకపడి, ఎక్కువగా పక్క కొమ్మల మీద వస్తాయి. కాబట్టి పూత మొదలైన కొత్తలో రాలినవన్నీ మగపూలైతే పరిష్కారం ఆగడమే. మందు లేదు, మాకు లేదు.

చాలా రోజులైనా మగపూలే వస్తుంటే యూరియా ఎక్కువైంది, లేదా నీడ ఎక్కువైంది. యూరియా ఆపండి, తీగ తల తుంచండి, పక్క కొమ్మలు రానివ్వండి. లీటరు నీటికి 3 నుంచి 4 గ్రాముల బోరాక్స్ కలిపి కొడితే ఆడపూలు పెరుగుతాయని అందరూ చెప్పేది నిజమే. కాకపోతే అది మొక్క 2 నుంచి 4 ఆకుల దశలో ఉన్నప్పుడు చేయాల్సిన పని. పందిరెక్కి పూసేశాక కొడితే ఆకులు తడవడమే లాభం. వచ్చే పంటకి గుర్తుపెట్టుకోండి.

ఆడపూలున్నాయి, పిందె పసుపెక్కి రాలిపోతోంది

రాలిన పిందెను గోటితో చీల్చండి. లోపల తెల్ల పురుగు ఉంటే అది పండుఈగ పని, దాని గురించి కింద చెప్తాను. లోపల శుభ్రంగా ఉండి, పువ్వు వాడిన కొసనుంచి వెనక్కి పసుపెక్కుతూ వచ్చిందంటే పుప్పొడి అందలేదని అర్థం.

వీటి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది. గాలికి ఎగిరే రకం కాదు. పురుగో, మనిషో మోసుకెళ్లాలి. ఇక్కడ అందరూ పప్పులో కాలేసేది వేళ దగ్గర. గుమ్మడి తెల్లవారుతూనే విచ్చి, పొద్దెక్కేసరికి ముడుచుకుంటుంది. దోస, కాకర, పుచ్చ కూడా పొద్దుటివే. ఆనప, బీర, పొట్ల సందెవేళ విచ్చుతాయి. టిఫిన్ తిని తీరిగ్గా బీర పందిరి కిందకి వెళ్లి మగపువ్వు కోసి ఆడపువ్వుకి రుద్దితే, మీరు రుద్దేది నిన్న సాయంత్రం విచ్చిన పువ్వు. సాయంత్రం గుమ్మడి దగ్గరికి వెళ్లినా అంతే. చేత్తో పుప్పొడి అద్దినా నిలవలేదు అనేవాళ్లని మొదట అడగాల్సింది ఏ వేళకి అద్దారని.

ఆనప, బీరలకి దీపాలు పెట్టే వేళ వెళ్లండి. అప్పుడే విచ్చిన మగపువ్వు కోసి, రేకులు ఒలిచేసి, మధ్యలో ఉన్న పసుపు ముద్దను ఆడపువ్వు నడిమి భాగానికి మెల్లగా తాకించండి. పసుపు అంటుకున్నట్టు కంటికి కనపడాలి. గుమ్మడికి ఇదే పని సూర్యోదయం వేళ.

మందు కొట్టే వేళ కూడా ఇలాగే తలకిందులవుతుంది. "సాయంత్రం కొట్టండి, తేనెటీగలు ఉండవు" అని అందరూ చెప్తారు. గుమ్మడి, దోస, కాకరలకి అది సరైన మాట. బీర, ఆనప పందిరి మీద సాయంత్రం కొడితే విచ్చుతున్న పువ్వు మీదే, దాన్ని వెతుక్కుంటూ వచ్చే రాత్రి పురుగుల మీదే కొట్టినట్టు. వాటికి పొద్దుట కొట్టండి. పక్కనే గుమ్మడి ఉంటే ఆ పూలు ముడుచుకున్నాక, ఎండ ముదరకముందు. తప్పనిసరైతేనే సుమా.

ఆగాకర: పువ్వు పువ్వుకీ పిందె ఉంటుంది, ఒక్కటీ నిలవదు

నన్ను బాగా తిప్పలు పెట్టింది ఇదే. చూడ్డానికి పైన చెప్పిన పుప్పొడి సమస్యలాగే ఉంటుంది. కానీ ఎంత వేళకి వెళ్లినా అద్దడానికి మగపువ్వే దొరకదు.

మన వైపు వానాకాలం సంతల్లో ఆగాకరకాయలు, అదే బోడకాకర, సవర గిరిజనులు కొండల్లో ఏరి తెచ్చేవి. ఒడియావాళ్లు కాంకడ అంటారు, వాళ్లకీ ఇది ప్రాణం. ధర చూసి, "మనింట్లోనే నాలుగు తీగలు వేసుకుంటే పోలా" అని ఎవరికైనా అనిపిస్తుంది. అక్కడే మొదలవుతుంది కథ. బాగా కాసిన తీగ చూసుకుని, దాని దుంపలు అడిగి తెచ్చి నాటుతారు. తీగ బలంగా వస్తుంది, సందెవేళకి పందిరంతా పసుపు పూలు విచ్చుతాయి. ప్రతి పువ్వు వెనకా మెత్తటి ముళ్లతో బుల్లి పిందె. అన్నీ మూడు నాలుగు రోజుల్లో పసుపెక్కి రాలిపోతాయి.

కారణం ఏమిటంటే ఆనప, బీర, గుమ్మడిలో ఒకే తీగ మీద మగపూలూ ఆడపూలూ రెండూ ఉంటాయి. ఆగాకరలో తీగకి తీగే మగది, లేకపోతే ఆడది. తాటిలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టు. బాగా కాసిన తీగ అంటే ఆడ తీగ. దాని దుంపలు పది నాటితే పదీ ఆడవే. మంచి రకం ఏరుకోవాలన్న జాగ్రత్తే ఇక్కడ కొంప ముంచుతుంది.

దొండ అలవాటు కూడా మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. దొండ కూడా మగ తీగ, ఆడ తీగ వేర్వేరుగా ఉండే జాతే. కానీ మనం పెరట్లో పెంచే దొండ ఆడ తీగ ముక్కలతోనే వస్తోంది, పుప్పొడి అందకపోయినా కాయ కడుతుంది. అందుకే కాసే దొండ తీగ ముక్క తెచ్చి గుచ్చితే చాలు. ఆగాకరకి ఆ సౌకర్యం లేదు. పుప్పొడి పడితేనే కాయ.

సంతలో పొటళ, అదే పర్వల్, అమ్మే ఒడియా రైతుని అడిగి చూడండి. అదీ ఇలాంటి పంటే. తోటలో కాయని మగ తీగలు కొన్ని ఎందుకు ఉంచాడో ఆయన చెప్తాడు. ఎప్పట్నుంచో చేస్తున్న పంట కాబట్టి వాళ్లకి అది అలవాటైంది. ఆగాకర మనకి నిన్నమొన్నటిదాకా పొదల్లో దొరికే కాయ. మగ తీగ సంగతి పొదే చూసుకునేది.

ఇంకా తిరకాసు ఏమిటంటే, కొన్నిచోట్ల ఆడ తీగలే ఉన్నా కొన్నేళ్లు బాగా కాసి, ఉన్నట్టుండి ఆగిపోతుంది. కాశీనగర్ దగ్గర మా చుట్టాల దొడ్లో ఇలాగే జరిగింది. "మొన్నటిదాకా కాసింది కదా బావా, తీగ ముసలిదైపోయిందేమో" అన్నాడాయన. గెత్తం మార్చాడు, పూత రాలకుండా ఆపే హార్మోన్ మందు కొట్టాడు, పందిరి కూడా జరిపాడు. చివరికి చూస్తే పక్కింటివాళ్లు ముళ్లదడి కొట్టేసి ప్రహరీ కట్టారు. ఆ దడి మీద ఎవరూ పట్టించుకోని ఒక తీగ ఉండేది. కాయ కాయదు కాబట్టి దాని గురించి ఎవరికీ తెలియదు. ఇన్నాళ్లూ వీళ్ల పందిరికి పుప్పొడి అందించింది అదే.

దడి మీదకి ఆ తీగ ఎలా వచ్చిందంటే పిట్టల వల్ల. కోయకుండా వదిలేసిన ఆగాకర పండి పసుపెక్కి, పగిలి, ఎర్రటి గుజ్జు చుట్టుకున్న గింజలు బయటపడతాయి. పిట్టలు తిని దడి మీద వాలి రెట్ట వేస్తాయి. గింజ పెంకు గట్టిది, వెంటనే మొలవదు, మొలిచినవీ దాదాపు సగం మగవే. పూసేదాకా ఏది ఏదో చెప్పలేం. పూశాక మాత్రం మనవాళ్లు "ఇది గొడ్డు తీగ" అని మగవాటిని పీకి పారేస్తారు. దొడ్డి శుభ్రం చేశామనుకుంటారు, పంట మొత్తం పోతుంది.

పోతు తీగను, అంటే మగ తీగను, గుర్తుపట్టడం కష్టం కాదు. సందెవేళ టార్చి పట్టుకుని దడులూ పొదలూ చూడండి. మగపువ్వు సన్నటి కాడ మీద ఉంటుంది, మొగ్గను దొన్నెలా చుట్టి ఒక చిన్న ఆకు ఉంటుంది. ఆడపువ్వుకి ఆ ఆకు చాలా చిన్నది, రేకుల వెనక ముళ్ల పిందె ఉంటుంది. పోతు తీగ కనపడగానే దాని మొదలు దగ్గర ఎర్ర గుడ్డ కట్టండి. పీకకూడదని ఇంట్లో అందరికీ, ముఖ్యంగా కలుపు తీసేవాళ్లకి చెప్పండి.

ఈ ఏడాది పంట దక్కాలంటే ఎక్కడ పోతు తీగ ఉంటే అక్కడినుంచి అప్పుడే విచ్చిన పూలు కోసి, ఆకులో పొట్లం కట్టి తెచ్చి, ఆ సాయంత్రమే ఆడపూలకి అద్దండి. ఒక మగపువ్వుతో నాలుగైదు ఆడపూలు అద్దవచ్చు. మర్నాటికి దాచుకుందామనుకోవద్దు. అద్దిన పువ్వు కాడకి దారం కట్టండి. నిలిచినవీ రాలినవీ లెక్క తేలితే, సమస్య పుప్పొడిదేనని మీకే నమ్మకం కుదురుతుంది. నేను చెప్తే ఎలాగూ నమ్మరు!

వచ్చే ఏడాదికి అసలు పని చలికాలం రాకముందే చేయాలి. తీగలు ఎండిపోతే నేలలో దుంప మిగులుతుంది, అప్పుడు మగదీ ఆడదీ ఒకేలా ఉంటాయి. ఇప్పుడే ఒక్కో పాదు దగ్గర కర్ర పాతి గుర్తు పెట్టండి. వేసవిలో తొలి వానలకి ముందు దుంపలు తవ్వి, పది ఆడవాటికి ఒక మగది చొప్పున నాటండి. నాలుగే ఆడ తీగలున్నా ఒక పోతు తీగ తప్పదు. స్థలం లేకపోతే దడి మీదకి ఎక్కించండి, దానికి పందిరి మర్యాదలు అక్కర్లేదు. పెద్ద మడి అయితే పోతు తీగలన్నీ ఒక మూల పెట్టకుండా మధ్యమధ్యలో నాటండి. పోతు దుంప ఇమ్మని అడిగితే ఇచ్చేవాడు నవ్వుతాడు, నవ్వనివ్వండి. అది ఎవరికీ అక్కర్లేనిది కాబట్టి ఊరికే వస్తుంది.

మిగతావి

పిందెలో పురుగుంటే పండుఈగ. రాలిన పిందెలన్నీ ఏరి లోతుగా పూడ్చండి. పాదు కింద వదిలేస్తే అందులోంచే తర్వాతి ఈగలు వస్తాయి. మగ ఈగలను లాగే క్యూ లూర్ ఎర బుట్టలు కట్టండి. ముదిరాక మందు కొట్టినా లోపలి పురుగుకి తగలదు.

కాయ ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా వంకర తిరిగితే పుప్పొడి పడింది గానీ చాలినంత పడలేదు. ఇది కూడా వేళ సమస్యే, పైన చెప్పిందే చేయండి.

వారం రోజులు ముసురు పట్టి పూలు తడిసి ముద్దయితే చేయగలిగేది ఏమీ లేదు. వాన వెలిశాక వచ్చే పూత చూడండి.

బొప్పాయిలో పొడవాటి కాడలకి గుత్తులుగా పూసి కాయనిది పోతు. నాటు గింజ వేస్తే ఇవి వస్తాయి, తోటకి ఒకటి రెండు ఉంచి మిగతావి తీసేయండి. రెడ్ లేడీ లాంటి హైబ్రిడ్‌లో పోతు చెట్టు అవసరం లేదు.

ఆకులు ముడుచుకుని, పసుపు పచ్చ మచ్చలతో తీగ గిడసబారితే అది వైరస్. పూత గురించి ఆలోచించకుండా ఆ తీగ పీకేయండి. ఆగాకరైతే దుంపతో సహా.